బిల్లు మీది వాక్యం, మా ఆయన మీది నింద

సహోదరులారా, సహోదరీలారా, నా భర్త ఏలీయా తన చివరి రోజులన్నీ ఒకే ఒక్క మాటతో బతికారు. ఆ మాట "కాదు". నీళ్లు కావాలా అంటే కాదు, అన్నం పెట్టనా అంటే కాదు, పక్కకు తిప్పనా అంటే కాదు. పక్షవాతం వచ్చి ఆయన కుడి చేతిని, కుడి కాలిని, ఈ మందిరంలో పాటలెత్తుకునే ఆ గొంతును ఒక్కసారే పట్టుకుపోయి, ఎందుకో ఈ ఒక్క మాటను మాత్రం నోట్లో వదిలేసింది. అది నీళ్లకూ అన్నానికీ చెప్పే జవాబు కాదని నాకు తెలుసు. ఆయనను దొంగ అన్నారు, దానికి చెప్పాల్సిన జవాబు సగంలో ఆగిపోయింది.

సాక్ష్యం చెప్పమని పాస్టరు అయ్యగారు నన్ను చాలా ఆదివారాలు పిలిచారు, నేను లేవలేదు. కోపంతోనే లేవలేదు, అబద్ధమెందుకు చెప్పాలి. ఈరోజు లేచాను కాబట్టి అంతా చెబుతాను, కొంచెం ఓపికగా వినండి.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో దాని చుట్టూ హోటళ్లు లేచాయి. మేము కొత్వాల్‌గూడ దారిలో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, రెండు పెద్ద వాషింగ్ మిషన్లు పెట్టి, ఒక హోటల్‌కు దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికిచ్చే పని మొదలుపెట్టాం. తెల్లారేసరికి నీళ్ల ట్యాంకర్ రావాలి, మధ్యాహ్నానికి తీగల మీద దుప్పట్లు ఆరాలి, సాయంత్రానికి ఇస్త్రీ మడతలతో ఆటోలో హోటల్ వెనక గేటుకు చేరాలి. విమానాలు నెత్తిమీద నుంచే పోతుంటే మొదట్లో పనివాళ్లందరం తలలెత్తి చూసేవాళ్లం, తర్వాత ఎవరూ చూడలేదు.

మొదటి బిల్లు బుక్కు అచ్చు వేయించే రోజున ఆయన చేసిన పని ఒకటి మీకు చెప్పాలి. మన ఇళ్ల ద్వారబంధాల మీద, ఆటోల అద్దాల మీద వాక్యం రాయించుకుంటాం కదా, అలాగే తనకు ప్రాణమైన వాక్యం అధ్యాయం అంకె, వచనం అంకె బిల్లు పైన కుడి మూలన పెద్దగా వేయమన్నారు. ప్రెస్సు అబ్బాయి తల గోక్కున్నాడు.

"అన్నా, గీ మూలకు బిల్లు నంబర్ వస్తది. వాక్యం జర కింద పెడుదమా?"

"దేవుని మాటను కిందికి దింపుతరా తమ్మీ? గదే మీద ఉండాలె. నంబర్ నేను కింద చేత్తోని రాసుకుంట."

అలాగే వేశారు. హోటల్ బిల్లుల కౌంటర్‌లో కూర్చునే పెద్దాయనకు మా బిల్లు అలవాటైపోయింది, పైన చూడకుండా నేరుగా కింద సంతకం పక్కనున్న నంబర్ చూసి ముద్ర కొట్టేవాడు. ఏళ్లు అలాగే గడిచాయి.

తర్వాత హోటల్‌లో పద్ధతి మారింది. పాలవాళ్లను, కూరగాయలవాళ్లను, పూలవాళ్లను, మమ్మల్ని అందరినీ ఒక హాలులో కూర్చోబెట్టి, ఇక కాగితం బిల్లులు కౌంటర్‌లో ఇవ్వొద్దు, స్కాన్ చేసి కంప్యూటర్‌లో పంపండి, మిషనే బిల్లు చదువుతుంది, సరుకు అందిందో లేదో అదే సరిచూసుకుంటుంది, డబ్బు నేరుగా మీ బ్యాంకులో పడుతుంది, సంతకాల కోసం ఎవరి కుర్చీ చుట్టూ తిరగక్కర్లేదు అని చెప్పారు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. మొదటి బిల్లు నెట్ సెంటర్ నుంచి పంపితే వారం తిరక్కుండానే డబ్బు పడింది, ఆ ఆదివారం ఆయన ఇదే మందిరంలో నిలబడి దేవుని పేరున్న కాగితానికి అడ్డమేముంది అని సాక్ష్యం చెప్పారు, మీకు గుర్తుండే ఉంటుంది.

రెండో బిల్లుకు డబ్బు రాలేదు, మూడోదానికీ రాలేదు. కంప్యూటర్‌లో చూస్తే ఈ బిల్లుకు ఇదివరకే చెల్లించాం అని ఎర్ర అక్షరాల్లో ఒక ముక్క. ఫోన్ చేస్తే ఏ ఊళ్లోనో కూర్చున్న మనిషి అదే ముక్క మాకు చదివి వినిపించేది. కౌంటర్ తీసేశారు, ముద్ర కొట్టే పెద్దాయనను పంపేశారు, లోపలికి పోయి అడుగుదామంటే గేటు దగ్గరే ఆపేవారు. దుప్పట్లు మాత్రం రోజూ వస్తూనే ఉన్నాయి, మేము ఉతుకుతూనే ఉన్నాం. ఆయనకు తోచింది ఒకటే. బిల్లు మూలనున్న వాక్యం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం, మళ్లీ పంపడం. డబ్బు రాకపోతే మరింత ప్రార్థన చేసి మరోసారి పంపడం. అలా పంపిన ప్రతిసారీ ఉరి బిగుసుకుంటోందని మాకేం తెలుసు.

కరెంటు బిల్లు కట్టలేక ఒక మిషన్ అమ్మేశాం. పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, వాళ్లను తప్పు పట్టను, వాళ్ల పొయ్యీ వెలగాలి కదా. చివరికి హోటల్ నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. నెట్ సెంటర్ అతను చదివి చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. ఒకే బిల్లును పదే పదే పెట్టి డబ్బు కాజేయాలని చూసినందుకు మీ పని నిలిపేస్తున్నాం, ఇదీ అందులో ఉన్న మాట. ఆయన ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని ఇంటిదాకా నడిచి వచ్చారు. మరునాడు పొద్దున ఆటోలోంచి ఖాళీ బుట్టలు దించుతూ పక్కకు ఒరిగిపోయారు.

సిటీలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం, ప్రాణం మిగిలింది, "కాదు" మిగిలింది. అప్పుడు మన సంఘంలోంచి చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు మంచం పక్కన కూర్చునే నాకు బుద్ధి చెప్పారు. ఒక సహోదరి అయితే నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఏదన్న దాచిపెట్టిండ్రా? ఇగ ఒప్పుకోండ్రి, దేవుడు క్షమిస్తడు" అంది. ఆయన వింటున్నారు. ఆయన కంట్లోంచి నీళ్లు చెవిలోకి కారుతున్నాయి. ఆమె ఇప్పుడు ఇక్కడే కూర్చుని ఉంది, పేరు చెప్పను, భయపడొద్దు.

హోటల్‌వాళ్లు అంటే కడుపు మండింది, సహోదరులారా, కానీ మనవాళ్లు అంటే గుండె పగిలింది. ఆ రోజు షెడ్డులోకి పోయి, ఆగిపోయిన మిషన్‌కు ఆనుకుని కూర్చుని నేను చేసిన ప్రార్థన అక్షరం పొల్లు పోకుండా చెబుతాను. "ప్రభువా, పైసలు ఇయ్యకుంటే ఇయ్యకు. లేపి నడిపియ్యకుంటే నడిపియ్యకు. ఈయన దొంగ కాదని ఒక్క మనిషి నోట అనిపియ్యి. ఈయన చెవుల పడేటట్టు అనిపియ్యి. గంతకంటె ఒక్కటి గూడ అడగ."

లేచి, పంపిన బిల్లులన్నీ కట్టగట్టి హోటల్ గేటు దగ్గరికి పోయి కూర్చున్నాను. పొమ్మన్నారు, పోలేదు. మరునాడూ అక్కడే కూర్చున్నాను. చివరికి లెక్కల విభాగం పెద్ద, శ్రీనివాస్ గారని కోస్తా వైపు ఆయన, కారు దిగి ఏమిటమ్మా అని అడిగి లోపలికి తీసుకుపోయారు. నుదుటిన బొట్టు, బల్ల మీద వాళ్ల దేవుడి పటం. ఆయన కంప్యూటర్ వైపు చూసి చదవడం మొదలుపెట్టబోతే, దాన్ని చూడకండి సార్, కాగితాలు చూడండి అని కట్ట విప్పి బల్ల మీద పరిచాను.

ఆయన ఒక్కొక్కటే తిప్పుతూ పోయి ఆగారు.

"అమ్మా, ఈ మూలన ఉన్న అంకెలేమిటండి? అన్ని బిల్లుల మీదా ఒకటే ఉన్నాయి."

"అది వాక్యం సార్. మా ఆయనకు ఇష్టమని ఏయించిండు."

"మరి బిల్లు నంబరు?"

"కింద ఉన్నది సార్, చేత్తోని రాసినం. గది దేనికదే."

ఆయన రెండు బిల్లులు పక్కపక్కన పెట్టి కింది నంబర్లు సరిచూశారు. తర్వాత నెమ్మదిగా వివరించారు. మిషన్‌కు బిల్లు నంబర్ కుడి మూలన ఉంటుందని నేర్పారట. అది మా వాక్యాన్నే నంబర్ అనుకుంది. మొదటి బిల్లుకు డబ్బిచ్చింది, తర్వాత వచ్చినవన్నీ అదే నంబర్ కాబట్టి అదే బిల్లు మళ్లీ వచ్చిందంది. మేము ఎన్నిసార్లు పంపితే అన్ని దొంగతనాలు లెక్క రాసుకుంది. మిషన్‌ను తిట్టి ఏం లాభం, దానికి బైబిలు తెలియదు. కాగితం విప్పి చూసిన మనిషి ఇన్నాళ్లలో ఒక్కరూ లేరు, అదే నాకు మింగుడుపడలేదు.

"ఆ ఉత్తరం మీద సంతకం నాదేనమ్మా" అన్నారాయన. "తెరమీద చూసి పెట్టేశాను. డబ్బు ఈ వారంలోనే వేయిస్తాను."

"పైసలు తర్వాత సార్" అన్నాను. "నాతోని ఒక్కసారి మా ఇంటికి రండ్రి."

ఆయన నన్ను తన కారులోనే ఎక్కించుకుని వచ్చారు. మా ఇంట్లో కుర్చీ కూడా లేదు, అమ్మేశాం. మంచం పక్కన నేల మీదే కూర్చుని, ఏలీయా ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"ఏలీయా గారూ, పొరపాటు మా వైపు జరిగిందండి. మీరు దొంగ కాదు."

మా ఆయన శ్రీనివాస్ గారి ముఖంలోకి చూశారు. "కాదు" అన్నారు.

"కాదండి" అన్నారు శ్రీనివాస్ గారు.

"కాదు" అన్నారు మా ఆయన మళ్లీ, ఈసారి ఏడుస్తూ. సగంలో ఆగిపోయిన ఆ మాట పూర్తయింది. నేను గోడకు ముఖం పెట్టుకుని ఏడ్చాను. దేవునికే మహిమ. మన సంఘంలో ఒక్కరి నోటా రాని మాటను ప్రభువు బొట్టు పెట్టుకున్న మనిషి నోట పలికించాడు, ఎవరి నోట పలికించాలో ఆయన మనల్ని అడగడు.

డబ్బు వచ్చింది, పని మళ్లీ ఇచ్చారు. మా ఆయన లేవలేదు. వానాకాలం వెళ్లకముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. స్వస్థత కోసం కూడా అడిగి ఉంటే దొరికేదేమో అని కొందరు అంటున్నారు, అనుకోనివ్వండి. ఆ రోజు నా దగ్గర ఒక్క ప్రార్థనకే బలం ఉంది, దాన్ని దేనికి వాడాలో నాకు తెలుసు.

మొన్న కొత్త బిల్లు బుక్కుకు పోయాను. ప్రెస్సు అబ్బాయి భయపడుతూ, "వాక్యం తీసెయ్యాల్నా అక్కా?" అన్నాడు. తీయొద్దన్నాను. నంబర్‌ను పై మూలన వెయ్యి, వాక్యం అట్టడుగున వెయ్యి, బరువు మోసేది అడుగునే కదా అన్నాను.

కాబట్టి నా సహోదరులారా, మీలో ఎవరిమీదైనా నింద పడి, చెప్పుకోవడానికి నోరు రాక లోపలే కుమిలిపోతుంటే, మందిరంలో ఎవరూ నమ్మకపోయినా ప్రభువును నమ్మండి. పక్కవాళ్ల మంచం దగ్గరికి పోయినప్పుడు ఒప్పుకోమని చెప్పే ముందు ఒక్కసారి వాళ్ల కాగితం విప్పి చూడండి. నేను అడిగింది ఒక్క మాట, మా ఆయన ఆ మాట విని వెళ్లారు. ఇవ్వాళ నేను లేచి నిలబడింది అందుకే.