ఆర్లో గొంతు పరీక్ష

ఆర్లో ష్రేడర్‌కు లోకంలో అన్నిటి మీదా నమ్మకమే, ఒక్క తన రేడియో మీద తప్ప. పొద్దున కాఫీ గొంతు దిగకముందే మైకు పట్టుకుని, "నా గొంతు ఎలా వినబడుతోంది? ఓవర్" అని అమెరికాలోని నెబ్రాస్కాలో ఒక మూల పొలాల్లో ఉన్న ఐదారు ఇళ్లను పేరుపేరునా అడిగేవాడు.

మామూలు జనం కూడా రేడియోలో మాట్లాడుకోవచ్చని ప్రభుత్వం వరమిచ్చిన కొత్త రోజులవి. పనికే వాడాలి, ఊసుపోక కబుర్లాడితే లైసెన్సు ఊడుతుందని రూలు. ఆర్లో ఆ వరాన్ని గొంతు పరీక్షకు అంకితం చేశాడు. విడిభాగాలు తెప్పించి, వంటింటి బల్ల మీద సెట్టు తానే బిగించుకున్నాడు. అలవాటు ముదిరి చర్చిలో "ఆమెన్" తర్వాత కూడా, ఇక మీ వంతు అన్నట్టు, "ఓవర్" అనేవాడు. జవాబివ్వాలో వద్దో తెలియక పాస్టరు గారు రెండు ఆదివారాలు తికమకపడ్డారు.

అందరికన్నా ఒళ్లు మండింది ధాన్యం గిడ్డంగి వెర్నన్‌కు. కోతల రోజుల్లో లారీలను పిలుద్దామంటే ఛానెల్లో ఈయన గొంతే.

"బ్రహ్మాండంగా ఉందని నిన్ననే చెప్పాగా, బాబాయ్!"

"నిన్నటి సంగతి నిన్నటిది. ఇవాళెలా ఉంది? ఓవర్."

"ఇవాళా చావలేదు నీ గొంతు! ఊరంతా ఉండగా నన్నే ఎందుకు చంపుతావు?"

"సంతోషం. హుల్డా, నువ్వు చెప్పమ్మా. ఓవర్."

"నా కోళ్లు బెదిరేలా ఉంది!" అని దిబ్బ అవతలి నుంచి హుల్డా ముసలమ్మ దీవించేది.

ఇక లాభం లేదని వెర్నన్ రేడియోవాళ్లందరినీ కూడగట్టాడు. శనివారం ఓటు వేసి ఆర్లో నోరు మూయించాలని నిర్ణయం. ఉరితీసే ముందు ఆఖరి కోరిక అడిగినట్టు, సెట్టు ఒకసారి బాగుచేసి చూద్దామని శుక్రవారం పొద్దున్నే మీటరూ, కొత్త వాల్వులూ పట్టుకుని ఆర్లో ఇంటికి వెళ్లాడు. తీగ తీగా పట్టి చూశాడు.

"లోపమేమీ లేదు బాబాయ్! ఇంత మంచి సెట్టు ఈ చుట్టుపక్కల లేదు!"

"నాకు తెలీదా?" అని ఆర్లో మైకు అందుకున్నాడు. "హుల్డా, నా గొంతు ఎలా వినబడుతోంది? ఓవర్."

గరగర తప్ప జవాబు లేదు. మళ్లీ అడిగాడు. మళ్లీ గరగరే. ఆర్లో టోపీ పెట్టుకున్నాడు.

"సెట్టు ఆపేసిందేమో?" అన్నాడు వెర్నన్.

"నన్ను తిట్టకుండా ఆవిడకు తెల్లవారదు. పద!"

హుల్డా కోళ్లగూటి ముందు కాలు మడతపడి, లేవలేక కూర్చుని ఉంది. వాళ్లను చూడగానే కయ్యిమంది. "ఇంత ఆలస్యమా? ఈ గొంతు పిచ్చోడు ఎప్పుడడుగుతాడా, నేను పలక్కపోతే ఎప్పుడు పరిగెత్తుకొస్తాడా అని ఇక్కడే చూస్తున్నా!"

ఆవిణ్ణి డాక్టరుకు అప్పగించి తిరిగొస్తుంటే వెర్నన్ ఉండబట్టలేక అడిగాడు. "బతికున్నారా అని తిన్నగా అడగొచ్చుగా?"

"అడిగితే, మాకేం రోగమని తలుపేసుకుంటారు. రేడియో సంగతి అడిగితే కనీసం తిడతారు."

వెర్నన్ ఆ ఐదారు పేర్లూ మనసులో తిప్పుకున్నాడు. అందరూ ఒంటరివాళ్లే. ఆ వరుసలో తన పేరు ఎప్పుడు చేరిందో కూడా గుర్తొచ్చింది: భార్యను సమాధి చేసిన మర్నాడు.

శనివారం ఓటు ఊసే ఎవరూ ఎత్తలేదు. ఆ పొద్దున ఆర్లో మైకు తీసేలోపే ఛానెల్లో వెర్నన్ గొంతు వినిపించింది.

"బాబాయ్, నా గొంతు ఎలా వినబడుతోంది? ఓవర్."

"ఘోరంగా ఉంది. ముందేదైనా తిని ఏడువు. ఓవర్."