పెద్దమ్మ మోసిన దుర్భిణి

దూరపు కొండదారులు నడిచేవాళ్లంతా ఆమెను పెద్దమ్మా అనే పిలిచేవారు. కుట్టుపని మానేసి, మోకాళ్లు అరిగేదాకా నడిచిన మనిషి. తన వెంట వచ్చే కొత్తవాళ్లు బయలుదేరేముందు వాళ్ల సంచిని చూపుడువేలితో ఎత్తి చూసేది. వేలు వంగితే సంచిని నేలమీద బోర్లించేది. రెండో తువ్వాలు, అద్దం, లావుపాటి పుస్తకం, అన్నీ పక్కకు తీసేసి, "కొండకు నీ సోకులతో పని లేదమ్మా" అనేది.

ఒకసారి ఒక బడిపంతులు సంచిలోంచి ఇటుకంత బరువైన పాత దుర్భిణి బయటపడింది.

"దీంతో ఏం చూస్తావు నాయనా?"

"ఏమీ చూడను పెద్దమ్మా. మా నాన్నది. ఈ దారి నడవాలని ఆయనకు ఎంతో ఉండేది. నడవకుండానే పోయారు."

ఇప్పుడేం చేస్తుందోనని అందరూ మెడలు చాచారు. ఆమె తన సంచిలోంచి మందపాటి శాలువా తీసేసి, అక్కడ దుర్భిణి సర్దుకుంది. "సగం దూరం నేను మోస్తా. తర్వాత నువ్వు."

సగం దూరంలో, కనుమ ఎక్కాక, అతను చెయ్యి చాచాడు. ఆమె అప్పటికే దాన్ని కళ్లకు ఆనించుకుని ఉంది.

"ఎదుటి కొండమీద ఉన్నవి మేకలో రాళ్లో తేలట్లేదు. చూపు సరిచేసే ఈ చక్రం ఇంకా మీ నాన్న కళ్లకు కుదిరినచోటే ఉంది. తిప్పాలంటే నువ్వే తిప్పాలి."

అతను దాన్ని కళ్లదగ్గర పెట్టుకుని చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. తర్వాత మెల్లిగా చక్రం తిప్పాడు.

"మేకలే పెద్దమ్మా."