మావయ్య జారవిడిచిన ‘ఏటి’

మా మేనమామ పోయారు. కోటబొమ్మాళి నుంచి అత్త ఫోను చేసి, “ఒసే గుంటా, మీ మావ పోనారే. టీ తాగి గళాసు కింద పెట్టినారు, అంతే” అంది. విజయనగరంలో బడిలో ఉన్నాను నేను. బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి బస్సెక్కాను. దారి పొడుగునా మావయ్య గొంతు గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఎంతసేపూ ఒక అమెరికా నటుడి మొహమే కళ్లముందుకి వచ్చింది.

మీలో చాలామంది మావయ్య గొంతు విన్నవాళ్లే. ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో తెలుగు చేసిన ఇంగ్లీషు సినిమాలు వచ్చేవి కదా. వాటిల్లో పొడుగు మెడ, నిద్రమొహం ఉన్న ఒక నటుడికి పాతికేళ్లు డబ్బింగు చెప్పింది మావయ్యే. ఆయన పేరు తెర మీద ఒక్కసారి కూడా పడలేదు.

ఆ నటుడి బతుకు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మొదట్లో యుద్ధానికి వెళ్లి ప్రియురాలికి ఉత్తరాలు రాసే సైనికుడు. తర్వాత టీవీ సీరియల్లో పోలీసు, ఏళ్ల తరబడి అదే కోటు. ఆ తర్వాత విలను, ఆ తర్వాత హీరోయిన్ తండ్రి, చివరికి చక్రాల కుర్చీలో రెండు మాటలు మాట్లాడి చచ్చిపోయే తాత. “మావోడికి మోకాళ్లు పట్టీసినట్టున్నాయి. మెట్లు ఎలగ దిగుతన్నాడో సూడు” అని మావయ్య బెంగపడేవారు. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఇలాంటి మనిషొకరు ఉన్నారని ఆ మహానుభావుడికి తెలియనే తెలియదు. అతనికి మాటలు తగ్గినకొద్దీ హైదరాబాదులో మావయ్యకి పని తగ్గింది. తాత వేషాలు కూడా ఆగిపోయాక స్టూడియోవాళ్లు పిలవడం మానేశారు. అత్తని తీసుకుని ఊరొచ్చేశారు.

ఇంట్లో ఆయన మాట్లాడగా విన్నది తక్కువ. చల్లనీళ్లు తాగరు, పెరుగు ముట్టరు. “గొంతు ఊరికినే ఖర్సు పెట్టకూడదే” అనేవారు. మనం మాట్లాడుతుంటే కళ్లలోకి కాక పెదాలకేసి చూస్తూ మోకాలి మీద వేలితో తాళం వేసేవారు. “పెదాలు మూసుకునీలోపల మాట అయిపోవాల. తరవాత ఎంత బాగా సెప్పినా దండగే” అని నాతో చాలాసార్లు అన్నారు. అత్తకి ఒళ్లు మండేది. “ఆ తెల్లోడి నోట్లో పెట్టినన్ని మాటలు నాతో ఆడుంటే నా బతుకు బాగున్ను” అని గిన్నెలు ఎత్తేసేది.

కొత్తలో స్టూడియోలో ఆయన యాస విని నవ్వారట. సెప్పు, సూడు, ఎల్తన్నాను అన్నీ ఒక్కొక్కటే నాలుక మీంచి గీకి పారేశారు. పాతికేళ్లలో ఒక్కసారే జారింది. అదొక మంచు సినిమా. ఎవరో తలుపు కొడతారు, మన నటుడు తలుపు తీసి, “ఏమిటి” అనాల్సిన చోట మా యాసలో “ఏటి?” అంటాడు, వెంటనే తలుపు మూసేస్తాడు. పెదాలకి సరిగ్గా కుదరడంతో ఎవరూ పట్టుకోలేదు. టీవీలో వచ్చినరోజు మా ఇంట్లో ఒకటే గోల. “ఓలమ్మో, తెల్లోడు సిక్కోలోడైపోనాడు!” అని అమ్మ పడీపడీ నవ్వింది. మావయ్య లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఫోను చేసినప్పుడల్లా నేను ముందు “ఏటి?” అని ఏడిపించేదాన్ని. ఆయన ఒక్కసారీ నవ్వలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

పదోరోజు అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. “ఆ మంచు సినిమా ఒక్కపాలి పెట్టవే” అంది అత్త. అది వెంటనే దొరకలేదు. మావయ్య డబ్బింగు చెప్పిన పోలీసు సీరియల్ ఫోన్లో ఉంటే అది పెట్టాను. అత్త మొహం తిప్పేసుకుంది.

“అది తెల్లోడి గొంతు. మీ మావది కాదు.”

“మరి ఆ ‘ఏటి’ కూడా అతనిదే కదత్తా?”

“కాదే. ఆ రోజు మీ మావ కేరేజీ మర్సిపోనారు. నాను అట్టుకెల్లినాను. ఎర్ర లైటు ఎలుగుతన్నాదంటే లోపలికి రాకూడదని నాకేటి తెలుసు? తలుపు తీసీసినాను. మీ మావ నన్ను సూసి ‘ఏటి?’ అన్నారు. ఎవరో సెయ్యూపీసరికి బెదిరిపోయి తలుపేసీసినాను. మెట్ల మీద కూకున్నాను. ఆ ముక్క మీ మావ నాతో అన్నది. అదే సినిమాలో పడిపోనాది.”

“తప్పు పడిందని మావయ్య వాళ్లకి చెప్పలేదా?”

“నేదు. సెప్తే తీసీమనీవోరు.”

“ఎందుకు చెప్పలేదో నువ్వు అడగలేదా?”

“అడిగితే సెప్పీ మనిసా ఆయన?”

అప్పటినుంచి మావయ్య సొంత గొంతు ఎక్కడుందో వెతకడమే నాకు పని. మావయ్య ఫోన్లో మెసేజులన్నీ అక్షరాలే. వాళ్ల పెళ్లి వీడియో నిండా సినిమా పాటలే. మూడు వారాలు వెతికితే ఆ మంచు సినిమా ఒక యాప్‌లో తెలుగులోనే కనిపించింది. నేను చేసిన బుద్ధితక్కువ పని ఏమిటంటే, విని చూసుకోకుండానే అత్తకి చెప్పేశాను. ఆ సాయంత్రం వెళ్లేసరికి మొహం కడుక్కుని, బొట్టు లేని నుదురు పదేపదే తుడుచుకుంటూ కూర్చుంది. ఫోను గ్లాసుకి ఆనించి పెట్టాను. మంచు పడింది. తలుపు తెరుచుకుంది.

“ఎవరు కావాలి?” అన్నాడు నటుడు.

మళ్లీ కొత్తగా డబ్బింగు చేయించారు. ఎవరో కుర్రాడు. యాస లేదు, తడబాటు లేదు, పెదాలకి చక్కగా కుదిరింది. తిట్టడానికి కూడా ఏమీ దొరకలేదు. పాత టేపుల కోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. ఎప్పుడో పారేశారట. అది ఇంక ఎక్కడా లేదు. ఎక్కడో ఉందని అత్తకి అబద్ధం చెప్పే ఓపిక కూడా నాకు లేకపోయింది.

మొన్న రెండో నెల మాసికానికి వెళ్లాను. భోజనాలయ్యాక, “ఆ సినిమా పెట్టు” అంది అత్త.

“అందులో మావయ్య లేరత్తా.”

“గొంతు ఆపీసి పెట్టు.”

శబ్దం పూర్తిగా తీసేశాను. మంచు పడుతూనే ఉంది. తలుపు తెరుచుకుంది. ఆ నటుడు బయటికి చూసి పెదాలు కదిపాడు. అత్త ఫోను మీదికి వంగింది.

“కేరేజీ మర్సిపోనారు” అంది.

అప్పటికే అతను తలుపు మూసేశాడు.