గురురాజ సార్ చెవికి అందని అధ్యాయాలు

2022 మే నెల. ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద నా కంప్యూటర్ షాపు. జిరాక్సు, డీటీపీ, పరీక్షల అప్లికేషన్లు, ఆధార్ ప్రింట్లు, ఏ పని వస్తే అది. వాటితో పాటు ఎక్కడా తెరుచుకోని ఫైళ్లు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. ఎవరో ఫోన్లో పంపి ఉంటారు. నొక్కితే తెరుచుకోదు. వైరస్ అనుకుని భయపడి తెస్తారు.

ఆ రోజు మధ్యాహ్నం గురురాజ సార్, ఆయన భార్య పద్మక్క వచ్చారు. సార్ నందవరం దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచరు. వాళ్ల స్కూలు క్వశ్చన్ పేపర్లు ఏళ్ల తరబడి నేనే టైపు చేస్తున్నాను. అయితే ఎప్పుడూ తనే ముందు నడిచి వచ్చే మనిషి, ఆ రోజు పద్మక్క భుజం పట్టుకుని మెట్లెక్కారు.

"కండ్లు పోతాండాయప్పా వీరేశా," అన్నారు కూర్చుంటూనే. "రెటీనా జబ్బంట. మందు లేదన్నారు. పక్కల చూపు ఎప్పుడో పోయింది. ఇప్పుడు నడిమధ్య అక్షరాలు కూడా పోతాండాయి."

బడిలో ఇంకా ఎవరికీ చెప్పలేదట. పాఠాలు నోటికి వచ్చు కాబట్టి ఏడాదిగా నెట్టుకొచ్చారు. ఇప్పుడు ఎనిమిదో తరగతి పుస్తకం మారింది. కొత్త పాఠాలు చదవలేక, సెలవులు అయిపోయేలోగా వాలంటరీ రిటైర్మెంటు పెట్టేద్దామా అనే ఆలోచనలో ఉన్నారు.

పద్మక్క సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. చూపు లేని టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ పుస్తకం పంపారట. "ఇంకో షాపులో సూపిస్తే, అంతా వైరస్సే, తుడిచేయమన్నారు. ఈయన ఒప్పుకోలేదు."

ఫోల్డర్ తెరిచి చూశాను. ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటాం. ఆ ఫైలు ఏ జాతిదో అవే చెబుతాయి. అక్కడ ఉన్నవి నేను రోజూ చూసే పీడీఎఫ్‌లు, ఫొటోలు కావు. opf, ncx, smil, xml. నాకూ కొత్తే. తెలియని ఫైలును ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడడం నా అలవాటు. లోపల మనుషులు చదవగలిగిన రాత ఉందంటే సగం భయం తీరినట్టే. xml ఫైలు తెరిస్తే తెలుగు పాఠమే ఉంది. కాకపోతే ప్రతి వాక్యానికీ అటూ ఇటూ <, > లాంటి కోణపు గుర్తుల మధ్య ఏవో ఇంగ్లీషు అక్షరాలు.

నెట్లో వెతికితే అర్థమైంది. అది డైసీ పుస్తకం. చూపు లేనివాళ్లు వినడానికి తయారు చేసే రకం. xmlలో పాఠం ఉంటుంది, ncxలో విషయసూచిక, opfలో ఏ ఫైలు ఏ వరుసలో రావాలన్నది, smilలో ఏ వాక్యం తర్వాత ఏది చదవాలన్నది. ఆ కోణపు గుర్తుల్లో ఉండేవి ట్యాగులు. అలా రాసేదాన్నే మార్కప్ అంటారు.

"ఈ ట్యాగులు ఏం చేస్తాయి?" అని అడిగారు సార్.

"h1 అని ఉంటే అది అధ్యాయం పేరు సార్. h2 అంటే లోపలి హెడ్డింగు. p అంటే పేరా."

"మేము నోట్సు చెప్పేటప్పుడు, ఇది హెడ్డింగు, కింద గీత కొట్టుకోండి, ఇది కొత్త పేరా అని పిల్లోళ్లకు చెప్తాం కదా. ఆ చెప్పేదంతా ఇందులో రాసిపెట్టినారంటావు."

"అంతే సార్." అంతకంటే బాగా నేను చెప్పలేను.

డైసీ పుస్తకాలు చదివే యాప్ ఆయన ఫోన్లో వేసి ఇచ్చాను. ఫోను తెలుగులో చదవడం మొదలుపెట్టింది. మరబొమ్మ గొంతే అయినా సార్ ముఖం వెలిగింది. పద్మక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వారం తిరగకముందే మళ్లీ వచ్చారు. "సగం దాకా బాగుంది వీరేశా. వేలితో జరిపితే ఒక అధ్యాయం నుంచి ఇంకోదానికి పోతాంది. సగం దాటినాక జరిపితే సీదా పుస్తకం చివరికి పోతాంది. క్లాసులో ఒక పిల్ల ఏదన్నా అడిగితే నేను ఆడికి ఎట్లా పోవల్ల?"

తెర మీద చూస్తే ఏ తేడా లేదు. హెడ్డింగులన్నీ ఒకేలా, పెద్దగా, లావుగా ఉన్నాయి. నోట్‌ప్యాడ్‌లో చూస్తే విషయం బయటపడింది. తయారు చేసినవాళ్లు మొదటి సగంలో అధ్యాయం పేర్లకు h1 పెట్టారు. రెండో సగంలో మామూలు పేరా ట్యాగు పెట్టి, అక్షరాలను లావు చేసి వదిలేశారు. చూసేవాళ్లకు అది హెడ్డింగే. సార్ ఫోనుకు మాత్రం అక్కడ అధ్యాయమే లేదు.

ఇక ముగ్గురం కూర్చున్నాం. షాపులో రద్దీ తగ్గే వేళ చూసుకుని వచ్చేవాళ్లు. అచ్చు పుస్తకం పట్టుకుని పద్మక్క హెడ్డింగులు చదివేది, నేను ట్యాగులు మార్చి, ncx విషయసూచికలో కూడా ఆ పేర్లు చేర్చేవాణ్ని. వాక్యం ముందు తెరిచిన ట్యాగును దాని చివర మూయాలి; ఒకసారి ఒకటి మూయడం మరచిపోతే పుస్తకం మొత్తం తెరుచుకోనని మొండికేసింది. ఆ తప్పు దొరికేసరికి సాయంత్రమైంది. టీ తెప్పించుకుని మళ్లీ మొదలుపెట్టాం.

నదుల మ్యాపు దగ్గర చిక్కొచ్చింది. బొమ్మ వచ్చిన చోట ఫోను 'చిత్రం' అని ఊరుకుంటోంది. బొమ్మలో ఏముందో మాటల్లో రాసే చోటు xmlలో ఉంది గాని, ఎవరూ నింపలేదు.

"ఏం రాయాలక్కా?" అన్నాను.

పద్మక్క పుస్తకం కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "గీతలు ఉండాయి, నీలం రంగువి..." అని ఆగిపోయింది.

సార్ చేయి గాల్లోకి లేచింది. నల్లబోర్డు మీద గీస్తున్నట్టే వేలు కదిలింది. "రాసుకో వీరేశా. తుంగ, భద్ర రెండూ పడమటి కనుమల్లో పుడతాయి. కలిసి తూర్పుకు వస్తాయి. మన మంత్రాలయం పక్కనుంచి, కర్నూలు పక్కనుంచి పోయి కృష్ణలో కలుస్తాయి..." ఒక్కో నదీ చెప్పుకుంటూ పోయారు. నేను టైపు చేశాను, పద్మక్క మ్యాపులో వేలు పెట్టి సరిచూసింది.

మార్చిన ఫైళ్లను మళ్లీ పుస్తకంగా కట్టి ఫోన్లో వేశాం. తన మాటలనే ఫోను చదువుతుంటే సార్ తల వంచుకుని విన్నారు. తర్వాత పద్మక్కతో మెల్లగా అన్నారు: "రిటైర్మెంటు మాట ఇప్పుడొద్దులే."

బళ్లు తెరిచాక ఒక ఆదివారం ఇద్దరూ వచ్చారు. హెడ్మాస్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశారట. ఆయన సార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇన్నాళ్లూ ఎందుకు దాచారని బాధపడ్డారట.

"పిల్లోళ్లకు చెప్పినారా సార్?"

"చెప్పినా. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని పోయినా కదా, వాళ్లు ఎట్లాగూ అడుగుతారు. నాకు కండ్లు కనపడవు, ఈ ఫోను నాకు పుస్తకం చదివిపెడుతుంది అన్నాను. క్లాసంతా చప్పుడు లేదు. నాకు భయమేసింది. ఆఖరుకు ఒక పిల్ల అనింది: సార్, ఇంక మేము చేయి ఎత్తము, పేరు చెప్తాము, అని. ఆ పొద్దు నుంచి అట్లానే చేస్తాండారు."

సార్‌కు ఇప్పుడు వెలుతురు తప్ప ఏమీ కనపడదు. ఉద్యోగం చేస్తూనే ఉన్నారు. మేం సరిచేసిన పుస్తకాన్ని ఆయన గ్రూపులో పంపితే, వేరే ఊళ్ల టీచర్లు కూడా వాడుకుంటున్నారు.

అంతకుముందు నాకు ఫైలు తెరుచుకుందంటే పని అయిపోయినట్టే. అక్షరం పెద్దదిగా, లావుగా కనపడితే అది హెడ్డింగే. కనపడడం వేరు, అందడం వేరని ఆ వేసవిలో తెలుసుకున్నాను. ఇప్పుడు ఎవరు ఏ టైపింగు పని తెచ్చినా హెడ్డింగును హెడ్డింగుగానే గుర్తు పెడతాను, బొమ్మ ఉంటే దాని గురించి రెండు మాటలు రాసిపెడతాను. ప్రింటు తీసుకుపోయేవాళ్లకు ఆ తేడా తెలియదు. ఆ ఫైలు రేపు ఎవరి ఫోన్లోకి పోయి, ఎవరి చెవిన పడుతుందో నాకూ తెలియదు.