బాపు తెచ్చిన ఎరువు బస్తా

మా హనుమకొండ ఇంటి డాబా మీద ఒక పూలమొక్కను నేను మేపి మేపి పాడుచేసిన వైనం చెబుతాను. మొక్కలంటే ప్రాణమిచ్చేవాళ్లు కాస్త గుండె చిక్కబట్టుకుని వినండి.

పెళ్లయిన తొలి చలికాలం. నాస్టర్షియం గింజలు తెప్పించి డాబా మీద కుండీలో నాటాను. నారింజ రంగు పూలు, ముల్లంగిలా ఘాటుగా ఉంటాయి, పచ్చివే తినొచ్చు. "పూలు తింటరా, మేకల్లెక్క?" అని అత్తమ్మ నవ్వింది. నవ్విన మనిషే, తన పుట్టింటివాళ్లు భోజనానికి వస్తున్నారనగానే అందరికీ ఫోన్లు చేసింది. "మా కోడలు పూల సలాడ్ వెడ్తది. రైతు బిడ్డ, చెయ్యి వెడ్తే మోడు గూడ చిగురువెడ్తది!"

అత్తమ్మ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాట పోతే నా పరువూ పోయినట్టే.

ప్యాకెట్ మీద "ఎరువు వేయవద్దు" అని ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చిన మొక్కను పస్తు పెడతామా, మీరే చెప్పండి! ఊళ్లో ఉన్న మా నాన్నకు, అదే మా బాపుకు, ఫోన్ చేశాను. ఆయన పెంటెరువు బస్తాతో బస్సు దిగాడు. కండక్టర్ ముక్కు మూసుకునే రైట్ రైట్ అన్నాడట.

ఆకులు విస్తళ్లంత అయ్యాయి. మొగ్గ మాత్రం లేదు.

"బాపూ, పూత్తలేదే!"

"ఆకలైతాందేమో బిడ్డా. ఫికర్ జేయకు, ఇంకో బస్త తెత్త."

తెచ్చాడు. తీగలు బట్టల దండెం పట్టుకుని పక్కింటి డాబా మీదికి చుట్టపుచూపుగా వెళ్లాయి. అయినా ఒక్క పువ్వు లేదు.

భోజనాల రోజు పొద్దున నాకు ఏడుపొక్కటే తక్కువ. మిరపకాయలు ఎండబోయడానికి పైకెళ్లిన అత్తమ్మ కేకేసింది. "ఓ పిల్లా, జర ఇటు రా!"

ఇల్లు కట్టినప్పుడు మిగిలి డాబా మూలన పడున్న ఇసుక కుప్పలో, ఎప్పుడో జారిపడ్డ గింజ మొలిచి ఒళ్లంతా పూసి ఉంది. దానికి ఎవరూ ఎరువు వేయలేదు. మధ్యాహ్నం చుట్టాలు ఆ పూలు నమిలి, "అబ్బ, మంచిగ కారంగున్నయే!" అన్నారు. అత్తమ్మ నా వైపు చూసి కన్నుగీటింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిండిపోతుంది.

విందుకొచ్చిన బాపు తిన్నాక డాబా ఎక్కాడు. ఇసుకలోని మొక్కను చూడగానే ఆయన మొహం వాడిపోయింది. "గింత మంచి చెట్టుకు పిడికెడు ఎరువు ఎయ్యలేదా? పాపం గాదా బిడ్డా!"

నాకూ గుండె కరిగింది. మిగిలిన సగం బస్తా ఇద్దరం కలిసి దాని మొదట్లోనే కుమ్మరించాం.

అది మళ్లీ పూస్తే ఒట్టు.

కనుక పాఠకులారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ నాస్టర్షియానికీ చిటికెడు ఎరువు వేయను. ఈ చలికాలం మళ్లీ గింజలు నాటాను. బాపుకు మాత్రం చెప్పలేదు.