నీళ్ళగిన్నె ముట్టని కొండముచ్చు

1956 ఫిబ్రవరి. అప్పుడు నేను మలయాలో, సుంగై పెటాని అనే ఊళ్ళోని పశువుల ఆస్పత్రిలో వెటర్నరీ డ్రెస్సర్‌ని. డ్రెస్సర్ అంటే డాక్టరు కాదు, ఉత్త కాంపౌండరూ కాదు. గాయాలు కడగడం, కట్లు కట్టడం, మందు పట్టడం, డాక్టరు వచ్చేదాకా జంతువు ప్రాణం నిలబెట్టడం మా పని. మా వెటర్నరీ ఆఫీసరు, ఇంగ్లీషు దొర, వారంలో నాలుగు రోజులు జిల్లా తిరుగుతూనే ఉండేవాడు. ఆ నాలుగు రోజులూ ఆస్పత్రి నా చేతిమీద నడిచేది. ఇరవై ఆరేళ్ళవాణ్ణి. నాకు తెలియనిది పెద్దగా ఏమీ లేదనుకునే వయసు.

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ముందుగా గుర్తొచ్చేది ఫినాయిల్ వాసన, దానితో కలిసి గాలిలో వచ్చే రబ్బరు షీట్లని ఆరబెట్టే పొగ వాసన. మా కెడా రాష్ట్రంలో ఏడాది మొదట్లో వానలుండవు. రబ్బరు చెట్లు ఆకులన్నీ రాల్చేసి ఎముకల్లా నిలబడతాయి. పైగా కమ్యూనిస్టు గెరిల్లాలతో పోరులో ఇంగ్లీషు ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీ. అడవిలో ఉన్న గెరిల్లాలకి తిండి అందకూడదని ఎస్టేటు కూలీల లైన్ ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. కంచె బయట కొంతమేర పొదలన్నీ నరికి నేల బోడిచేశారు. పనికి వెళ్ళేవాళ్ళని గేటు దగ్గర తడిమి చూసేవారు. గుప్పెడు బియ్యమైనా దాటనిచ్చేవారు కాదు.

ఒకరోజు పొద్దున్న ఎస్టేటు లారీలో పైడమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. రబ్బరు పాలు గీసే మనిషి, మన తెలుగామె. మొగుడు రెండేళ్ళ కిందట జ్వరంతో పోయాడు, పిల్లల్లేరు. ఒళ్ళో బుట్ట, బుట్టలో పాతచీర, చీరలో కొండముచ్చు పిల్ల. కంచె బయట చెట్లు కొట్టినప్పుడు తల్లి చచ్చిపోతే దీన్ని తెచ్చి పెంచుతోందట. పుట్టినప్పుడు ఈ జాతి పిల్లలు పసుపుపచ్చగా మెరుస్తూ ఉంటాయి. అందుకే బంగారి అని పేరు పెట్టింది. ఇప్పుడది పెరిగి బూడిదరంగుకి తిరిగింది. కళ్ళచుట్టూ మాత్రం తెల్లటి వలయాలు, కళ్ళజోడు పెట్టినట్టు.

"మూడు దినాలయింది బావూ, నీలు ముట్టట్లేదు. గిన్నెలో ఎట్టినాను, సెంచాతో పోసినాను. ఉమ్మేస్తంది. ఏటి సెయ్యాల?"

"ఏం పెడుతున్నావప్పా?" అన్నాను. అక్కని అప్పా అని పిలవడం మావాళ్ళ అలవాటు.

"నేనేటి తింటే అదే. అన్నం, అరటిపండు. మొన్నటిదాకా డబ్బాపాలు తాగీది. ఇప్పుడు సీసా సూస్తే మొకం తిప్పేస్తంది."

నడుం మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలాను. ఒంట్లో నీళ్ళుంటే అది వెంటనే సర్దుకుంటుంది. ఇది మడతపడి అలాగే నిలబడిపోయింది. డీహైడ్రేషన్. పొట్ట మాత్రం డోలులా ఉబ్బి ఉంది. గ్యాసుతో అలా ఉబ్బడాన్ని మేం బ్లోట్ అంటాం. మేకలకీ దూడలకీ ఎన్నోసార్లు చూశాను. వాటికి చేసేదే దీనికీ చేశాను. సీసాలో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పోసి, తల పైకెత్తి, బలవంతంగా గొంతులోకి వంచాను. దాన్నే డ్రెంచ్ అంటారు.

నీళ్ళు దాని ముక్కులోంచి వచ్చేశాయి. పెదాలు నీలంగా మారాయి. పట్టుకున్న నా చేతిలో దాని చెయ్యి వదులైపోయింది. తలకిందులుగా పట్టుకుని వీపు రుద్దాను, రుద్దాను. ఎంతసేపో తెలియదు. చివరికి ఒక్క దగ్గు దగ్గి ఊపిరి పీల్చింది.

పైడమ్మ అరవలేదు. "సంపేత్తావేటి బావూ," అంది మెల్లగా. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

మధ్యాహ్నం లారీకి ఆమె తిరిగి వెళ్ళిపోవాలి. కర్ఫ్యూ వేళకి కంచె లోపల ఉండాల్సిందే. పిల్లని బోనులో వదిలి, "ఎల్లుండి వస్తాను. సచ్చిపోతే సెప్పీ, దాయకు," అని వెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే ఒక ఆస్ట్రేలియా సైనికుడు వచ్చాడు. కార్పొరల్, ఎర్రజుట్టు, నా ఈడువాడే. అడవిలో గెరిల్లాల జాడ పట్టే కుక్క ఆయనది. వెదురు మోడు గుచ్చుకుని దాని పాదం చీలింది. నేను కుట్లు వేస్తుంటే ఆయన బోను వైపు చూస్తున్నాడు.

"ఆ గిన్నె ఎందుకక్కడ?" అన్నాడు ఇంగ్లీషులో.

"నీళ్ళు తాగుతుందేమోనని."

"అది ఆకులు తినేది కదా? మా ఊళ్ళో కోలా అని ఉంటుంది. చిన్న ఎలుగులా ఉంటుంది, యూకలిప్టస్ చెట్టు దిగదు. చాలామంది అది అసలు నీళ్ళే తాగదంటారు. తినే ఆకులోనే దానికి కావలసిన నీళ్ళు చాలావరకు దొరుకుతాయి. కానీ వాన పడుతున్నప్పుడు నేను చూశాను. చెట్టు మొదలుని పట్టుకుని, బెరడు మీద జారే నీటిని నాకుతూ ఉంటుంది. ఎంతోసేపు."

"వాన లేకపోతే?"

"ఒక ఏడు మా పొలం దగ్గర ఆకులు కూడా వాడిపోయాయి. ఒక కోలా నేలమీదికి దిగి కూలబడింది. మా నాన్న గిన్నె పెట్టాడు. దాని వైపు చూడలేదు. మా అమ్మ కొమ్మలు నరికి, బకెట్లో ముంచి, దాని ముందు నిలబెట్టింది. అప్పుడు నాకింది."

నాకు నమ్మకం కలగలేదు. కానీ నా దగ్గర వేరే దారీ లేదు. ఆస్పత్రి వెనక మందార కంచె ఉండేది. లేత కొమ్మలు కోసి, తొట్టిలో ముంచి, బోను పైకప్పుకి వేలాడదీశాను. గిన్నె తీసేశాను. కార్పొరల్ బోనుకి మూడువైపులా గోనెపట్టా కప్పి, "మనం కనబడకూడదు," అని కుక్కని తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆస్పత్రి మూసే వేళకి గోనె సందులోంచి చూశాను. పిల్ల లేచి కూర్చుంది. ఒక చెయ్యి చాపి కొమ్మని దగ్గరికి లాక్కుంది. ఆకు చివర వేలాడుతున్న చుక్కని నాకింది. తరవాత ఇంకో ఆకు. నీళ్ళు మోచేతి మీద కారితే అక్కడి బొచ్చు కూడా నాకింది. కాసేపటికి ఒక లేత చిగురు తుంచి నోట్లో పెట్టుకుంది. ఆ నమిలే చప్పుడు ఇవాళ్టికీ నా చెవిలో ఉంది.

మర్నాడంతా గంటగంటకీ కొత్త కొమ్మలు తడిపి కట్టాను. పొట్ట మెత్తబడింది, మూత్రం పోసింది. తిరిగొచ్చిన ఆఫీసరు చూసి, దాని కడుపు ఆకుల కోసమే గదులు గదులుగా ఉంటుందనీ, అన్నమూ అరటిపండూ అందులో పులిసి గ్యాసు పడతాయనీ చెప్పాడు. నా డ్రెంచ్ సంగతీ దాచకుండా చెప్పాను. "ఇంకెప్పుడూ చెయ్యవులే," అన్నాడు.

పైడమ్మ వచ్చి, బంగారి ఆకు నమలడం చూసి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం అయ్యాక అసలు చిక్కు మొదలైంది.

"మా లైన్లకాడ ఆకేటుంది బావూ? కంచె లోపల మట్టి. పనికెల్లే తోటలో బోడి రబ్బరు సెట్లే, పొదల్లోకెల్తే కాల్చేత్తారు."

ఆఫీసరు నవ్వకుండా ప్రిస్క్రిప్షన్ కాగితం తీసి రాశాడు: లేత ఆకులు, ఒక మోపు, రోజూ పొద్దున్న, తడిగా. కింద సంతకం, ముద్ర. ఆ కాగితం పట్టుకుని నేనూ లారీ ఎక్కాను. గేటు దగ్గర కాపలా స్పెషల్ కానిస్టేబుల్ పాక్ దిన్ అనే పెద్దవయసు మలాయ్ మనిషి. చదివి, మళ్ళీ చదివి, "ఆకులు మందా?" అన్నాడు.

"ఈ జంతువుకి అవే మందు, అవే నీళ్ళు," అన్నాను మలాయ్‌లో.

"ఆకుల కోసం ఆవిణ్ణి బయటికి పంపడం నా వల్ల కాదు." తల అడ్డంగా ఊపాడు. పైడమ్మ ముఖం వాడిపోయింది. ఆయన బుట్టలోకి వంగి చూశాడు. తెల్లటి వలయాల్లోంచి బంగారి ఆయన్ని చూసింది. "తెల్లారి కంచె చుట్టూ తిరిగేది నేనే," అన్నాడు. "మంచు తడి ఆరకముందే కోసుకొస్తాను. ఏ ఆకో చూపించు చాలు."

భుజాన తుపాకీ, చంకలో ఆకుల మోపుతో పాక్ దిన్ పొద్దున్నే గేటులోకి వచ్చేవాడని తరవాత ఎస్టేటు వాళ్ళంతా చెప్పుకున్నారు.

ఏడాదిన్నరకి మెర్డెకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చింది. ఆ తరవాత కొన్నాళ్ళకి మా వైపు ఆంక్షలు సడలాయి. గేటు తెరిచే ఉండేది. ఒకరోజు పైడమ్మ కుంటుతున్న మేకని తీసుకొచ్చింది. బంగారి ఏదని అడిగాను.

"ఎల్లిపోయింది బావూ. కొండ పక్క మంద కనబడితే ఆడికి తీసుకెల్లినాను. మొదట్లో సాయంత్రానికి వచ్చీసీది. తరవాత్తరవాత రాలేదు."

"బెంగగా లేదా అప్పా?"

"ఉండదేటి? ఉంది." మేక మెడ నిమిరింది. "కానీ అది బతికిందిగా."

ఆ కార్పొరల్ పేరు నేను రాసుకోలేదు. ఆయన దళం వేరే జిల్లాకి వెళ్ళిపోయింది. కుక్క కుట్లు విప్పించుకోవడానికి కూడా రాలేదు. కోలాని నేను ఇంతవరకూ చూడలేదు.

తరవాత ఇరవై ఎనిమిదేళ్ళు అదే ఉద్యోగం చేశాను, జార్జ్ టౌన్‌లోనూ, కౌలాలంపూర్‌లోనూ. చిలక వచ్చినా, తాబేలు వచ్చినా, మందు సీసా ముట్టుకునే ముందు ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి: ఇది తన చోట ఉన్నప్పుడు ఏం తినేది, ఎలా తాగేది? తెలియదంటే, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో వెతికేవాణ్ణి. నా దాహం ఎలా తీరుతుందో నాకు తెలుసు. ఎదుటి ప్రాణి దాహం కూడా అలాగే తీరుతుందనుకుని ఆ పొద్దున దాని ప్రాణం తీయబోయాను.