వాలు మీద ఆగిన జీపు

ఈ పొద్దున పులుసులోకి చింతపండు పిసుకుతుంటే మా ఆయన ఫోన్ టింగుమంది. ఆయన పెరట్లో ఉన్నాడు. వేరేవాళ్ల ఫోన్ చూడకూడదని మా అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా, మొగుడు వేరేవాళ్ల కింద ఎలా వస్తాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తొంగి చూశాను. కొండల్లో జీపుల జాతర మళ్లీ వచ్చింది, ఎవరెవరు వస్తున్నారో పేర్లు పెట్టమని గ్రూపులో మెసేజి. అంతే. పులుసులో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తులేదు.

జాతర అన్నది నేను పెట్టిన పేరు. వాళ్లు ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా అంటారు. ఏటా చలికాలంలో, మా జిల్లాకు పడమర దిక్కున ఉన్న వెలిగొండల్లో, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లున్నవాళ్లంతా చేరతారు. నున్నటి తారురోడ్డు వదిలేసి, మేకలు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించి ఎక్కే చోట బండ్లు ఎక్కించి, దించి, ఒకరి వీపు ఒకరు తట్టుకుంటారు. చెన్నై నుంచీ తిరుపతి నుంచీ వచ్చే ఆ కుర్రవాళ్ల మధ్య నెరిసిన తల మా ఆయనదొక్కటే. కొడవలూరు దగ్గర మాకు కాసిని వరి కయ్యలున్నాయి. ఎరువు మూటలు తోలుకోవడానికని పాత జీపు కొన్నాడు. దానికి నాలుగు చక్రాలూ ఒకేసారి లాగుతాయని ఎవరో చెప్పిన రోజు నుంచి, తనకు అరవై దగ్గరపడుతున్న సంగతి మరిచిపోయాడు.

ఆ జాతరలో ఒక నియమం ఉంది. ఎవరూ బండిలో ఒంటరిగా పోకూడదు, పక్క సీట్లో మరో మనిషి ఉండాలి. రెండేళ్ల కిందట ఆయన పక్కన ఒక స్నేహితుడు వెళ్లాడు. నిరుడు ఆ స్నేహితుడు కాలు విరిగి కట్టుతో పడుకున్నాడు. "నువ్వు రా మే, గమ్మున కూర్చునేదానికేముండాది?" అన్నాడు మా ఆయన. "కూర్చునేదానికయితే చర్చిలో బెంచీలు లేవా?" అన్నాను. అన్నానే గాని వెళ్లాను. ఇంట్లో కూర్చుని భయపడేకంటే పక్కన కూర్చుని భయపడటం నయమనిపించింది. మా అమ్మాయికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. కోవూరు దాటినప్పటి నుంచి కొండల దాకా, ఆ పిల్లకు నొప్పులు వస్తాయేమో, బ్రేకులు పడవేమో అని రెండు భయాలనూ మార్చి మార్చి పడుతూనే ఉన్నాను.

పొద్దున్నే, తిరుపతి నుంచి వచ్చిన భారీ మనిషి ఒకాయన అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. ఎక్కుతూ ఎక్కుతూ బండి ఆగిపోతే స్టీరింగు తిప్పొద్దు, రివర్సు వేసి వచ్చిన దారినే తిన్నగా దిగండి అన్నాడు. మా ఆయన తల ఊపాడు. ఆదివారం ప్రసంగానికి కూడా ఆయన అలాగే ఊపుతాడు, మధ్యాహ్నానికి ఏం చెప్పారో అడిగితే బిక్కమొహం వేస్తాడు. నాకు అప్పుడే గుబులు మొదలైంది.

ఆ వాలంతా ఎర్ర గరుసు, పట్టు లేని రాళ్లు. సగం ఎక్కేసరికి చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. ముప్ఫయ్యేళ్లు కయ్యల్లో దమ్ము చేసిన మనిషి ఆయన. బురదలో ట్రాక్టరు దిగబడితే, యాక్సిలరేటరు తొక్కుతూ స్టీరింగు అటూ ఇటూ తిప్పితే చక్రానికి ఎక్కడో ఒకచోట గట్టి నేల దొరుకుతుంది. ఆయన చేతులు ఆ పనే చేశాయి. ఇది బురద కాదు. జీపు గిరుక్కున అడ్డం తిరిగి, ఆయన కూర్చున్న పక్క పల్లానికి ఒరిగి, ఇంజను ఆగి నిలిచిపోయింది. నా వైపు ముందు చక్రం గాలిలో ఉంది. ఆయన వైపు కింద లోయ, బండరాళ్లు.

కింది నుంచి ఆ తిరుపతాయన అరిచాడు. "మేడమ్, దిగబాకండి! మీరు దిగితే బండి అన్న మీదకే పడతాది. మీ పక్కకే ఒరిగి కూర్చోండి, తాడు తెస్తన్నాం!" పైనుంచి ఇంకో బండిని చుట్టూ తిప్పి తీసుకొచ్చి, దాని ఇనుప తాడు మా జీపుకు కట్టాలి. అంతవరకు కదలకూడదు. స్త్రీల కూటంలో నేను ప్రార్థన మొదలుపెడితే పాస్టరమ్మగారు గడియారం వైపు చూస్తారు. అలాంటి నాకు ఆ వేళ "ప్రభువా" తర్వాత ఒక్క మాట రాలేదు. ఆయన బ్రేకు మీంచి కాలు తీయలేదు.

"మే, నువ్వు దూకెయ్," అన్నాడు ఎదురుగా చూస్తూనే. "వాళ్ల మాటలు ఇనబాక. కానుపు టైములో బిడ్డకి నువ్వన్నా ఉండాల. దూకెయ్."

నిజం చెబుతున్నాను, దూకాలనిపించింది. నా కాలి పక్కనే నేల ఉంది. అమ్మాయి కళ్లలో మెదిలింది. దూకుదామనే చీర సర్దుకోబోయాను, కొంగు రాలేదు. కిందికి చూస్తే అది ఆయన ఎడమ పిడికిట్లో ఉంది. వేళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకుని, నోటితో మాత్రం దూకు దూకు అంటున్నాడు. పట్టుకున్న సంగతి ఆయనకే తెలియదు. నాకు ఏడుపొచ్చింది. "గమ్మునుండి బ్రేకు తొక్కిపట్టండి. నేనేడికీ పోను," అన్నాను. తాడు కట్టి, బండిని తిన్నగా లాగి కిందికి దింపేదాకా నేను నా పక్కకే ఒరిగి కూర్చున్నాను. ఆయన కొంగు వదల్లేదు.

ఊరికొచ్చాక ఆయన టీకొట్టు దగ్గర చెప్పిన కథ వేరు. "మా ఇంటిదానికి భయమెక్కువ. పాపం, కొయ్యబారి కూర్చుండిపోయింది," అన్నాడట. నేను సరిదిద్దలేదు. అమ్మాయికి సుఖంగా కానుపయింది, మనవరాలు ఇప్పుడు పాకుతోంది. ఆ పిడికిలి సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా.

మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన రెండుసార్లు ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పులుసులో ఉప్పు లేదని కూడా అనలేదు. చివరికి కంచంలోకి చూస్తూ, "నువ్వొస్తానంటేనే పేరు పెడతా. లేకుంటే లేదు," అన్నాడు. నేను ఉప్పు గిన్నె ఆయన ముందుకు జరిపాను. "ఇద్దరమని పెట్టండి," అన్నాను.

పెళ్లయిన కొత్తలో మా ముందు కొండంత కాలం ఉందనుకునేదాన్ని. ఆ వాలు మీద ఆయన పిడికిలి చూసినప్పటి నుంచి, ఉన్న కాలం చాలదేమోనన్న భయం ముందు కొండ భయం నాకు చాలా చిన్నదైపోయింది.